చంకలో పాలు

హెడ్‌మాస్టరు పిల్లను పట్టుకుని లాగాడు. ప్రెస్ బటన్లు టక్కున ఊడిపోయాయి. తల్లి చంకలో ఉన్న పిల్ల ఆయన చేతిలోకి వచ్చేసింది.

"దీన్ని ఇక్కడ కాదు, వీపు మీద పెట్టు" అన్నాడు.

పిల్లంటే గుడ్డతో కుట్టిన పిల్ల. తల్లి కూడా గుడ్డే. బూడిదరంగు గుడ్డలో దూది, కత్తిరించగా మిగిలిన ముక్కలు కూరి కుట్టిన డ్యూగాంగ్ అది. సముద్రంలో బతికే జంతువు. సముద్రపు ఆవు అని కూడా అంటారు. తల్లి బల్లకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉంది. పిల్ల దిండంత ఉంది.

బల్ల వెనక నిలబడింది ఐదో తరగతి పిల్ల. టైలరమ్మ కూతురు. ఇంట్లోనూ బడిలోనూ అందరూ గుండుసూది అంటారు. చూడటానికి సన్నగా ఉంటుంది. పట్టుకోవడం తెలియకపోతే గుచ్చుకుంటుంది.

"వీపు మీద పెడితే ఎలా సార్? పాలు అక్కడ ఉండవు" అంది.

"పాలు ఎక్కడుంటే మనకెందుకు. మధ్యాహ్నం సైన్స్ ఫెయిర్‌కి చీఫ్ గెస్ట్ వస్తున్నారు. మీ తల్లిదండ్రులందరూ వస్తున్నారు. వాళ్ల ముందు ఇది బాగుండదు."

"అది పాలు తాగుతోంది సార్. అంతే."

"అదే బాగుండదంటున్నాను."

"మా టాపిక్కే అది సార్."

గుండుసూది గోడ మీద అట్టను చూపించింది. దాని మీద పెద్ద అక్షరాలున్నాయి. సముద్రంలో తల్లులు పిల్లలకు పాలెలా ఇస్తాయి?

హెడ్‌మాస్టరు చదివాడు. దగ్గాడు.

"అది ఉండనీ. పిల్లను మాత్రం వీపెక్కించు. ఆడుకుంటున్నట్టు ముచ్చటగా ఉంటుంది."

సైన్స్ మేడం అక్కడే ఉంది. గుండుసూది ఆమె వంక చూసింది. మేడం తన గడియారం వంక చూసుకుంది.

"పోనీలేమ్మా. ఆయన వచ్చి వెళ్లేదాకా. అరగంటే కదా."

ఇద్దరూ పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయారు. అక్కడ ఏడో తరగతి అబ్బాయిలు మట్టితో అగ్నిపర్వతం కట్టారు. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు. ఊళ్లు తగలబెట్టేది బాగుంటుంది. పాలు తాగేది బాగుండదు.

గుండుసూదికి ఒళ్లు మండింది. మండదా మరి. ఆ పిల్ల ఆ చంకలోకి చేరడానికి నాలుగు రోజులు పట్టింది.

అసలు మొదట తప్పుగా కుట్టింది గుండుసూది ఇంట్లోవాళ్లే. సముద్రపు ఆవు అన్నారు కదా, ఆవుకు పొదుగు ఎక్కడుంటుందో లోకానికంతా తెలుసు. అమ్మ గులాబీరంగు గుడ్డ తీసి పొదుగు కత్తిరించింది. నాలుగు చన్నులకూ దూది కూరింది. పొట్ట కింద, తోకకు దగ్గరగా, మిషను మీద రెండు వరసలు కుట్టింది. ఎంత బాగా కుదిరిందంటే నాయనమ్మ చెంబు పట్టుకొచ్చి పితకబోయింది.

మర్నాడు బడిలో లైబ్రేరియన్ దాన్ని చూశాడు.

"ఈ ఆవును సముద్రంలోకి ఎవరమ్మా తోలింది?" అన్నాడు.

లావుపాటి పుస్తకం తీసి బొమ్మ చూపించాడు. నీళ్ల అడుగున తల్లి ఉంది. పిల్ల దాని పక్కనే ఆనుకుని, మూతిని తల్లి రెక్క కింద దూర్చింది.

"ఇది పేరుకే ఆవు. పొదుగు లేదు. చన్నులు రెండే. ఈ రెక్క కింద ఒకటి, ఆ రెక్క కింద ఒకటి."

"రెక్క కింద అంటే?"

"మనకైతే చంక."

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద వాదన.

"చంకలో పాలేమిటే. ఎవరన్నా వింటే నవ్విపోతారు" అంది అమ్మ.

"నేనన్నానా? పుస్తకంలో ఉంది."

నాయనమ్మ మంచం మీద నుంచే అందుకుంది. "చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికినట్టు అని మా రోజుల్లో అనేవాళ్లు. మీరు చంకలో పాలు పెట్టుకుని పొట్టంతా వెతికారు."

అమ్మ బ్లేడు తీసుకుంది. పొదుగు కుట్లు ఒక్కొక్కటే తెంపింది. కుట్టిన చేత్తోనే విప్పడం ఎలా ఉంటుందో కుట్టేవాళ్లకే తెలుసు. చొక్కా చంక బిగుతైతే చిన్న ముక్క వేసి వదులు చేస్తారు చూశారా, డ్యూగాంగ్ రెక్క కింద కూడా అలాగే ముక్క వేసింది. అక్కడొక ప్రెస్ బటను కుట్టింది. దాని జోడీ బటను పిల్ల నోట్లో కుట్టింది. నొక్కితే పిల్ల తల్లిని అంటుకుని ఉంటుంది.

ఇదంతా బుడ్డోడు నిద్రపోయినప్పుడు చేసిన పని. బుడ్డోడంటే గుండుసూది తమ్ముడు. ఐదో నెల. వాడికి వారం రోజులు జ్వరం. పాలు సరిగా తాగలేదు. బుగ్గలు జారిపోయాయి. జ్వరం నిన్ననే తగ్గింది.

నర్సు గట్టిగా చెప్పింది. "వాడికి ఆకలి ఇప్పుడిప్పుడే పుడుతోంది. అడగ్గానే పట్టాలి. ఆలస్యం చేశావా, ఏడ్చి ఏడ్చి అలిసిపోయి తాగకుండానే పడుకుంటాడు. మళ్లీ మంచం ఎక్కుతాడు."

సీసా పెడితే వాడు ఉమ్మేస్తాడు. అమ్మ దగ్గర తప్ప తాగడు.

అందుకే అమ్మ బడికి రానంది. గుండుసూదే వదల్లేదు. "కుట్టింది నువ్వు. నువ్వు రాకపోతే ఎలా?" అని మూడు రోజులు వెంటపడింది. సరే, మూడింటికి వస్తానంది అమ్మ.

ఇప్పుడు ఆ కుట్టిన పిల్ల వీపెక్కింది. వీపు మీద బటను లేదు కనుక ఊరికే జారిపోతోంది. గుండుసూది దానికి పిన్నీసు గుచ్చింది.

బల్ల దగ్గర ఆమెకు తోడు ఇంకో పిల్ల ఉంది. ఆ పిల్ల పేరు రేడియో. ఆపితే తప్ప ఆగదు.

"పోనీలేవే. బాగానే ఉంది. గుర్రమెక్కినట్టుంది" అంది రేడియో.

"ఆకలేసినవాళ్లు గుర్రమెక్కరు."

"సారుకి ఎదురు చెప్తే మన బల్ల తీయిస్తారే."

"సారు భోజనం చేసేటప్పుడు ఎవరన్నా ఆయన్ని ఎత్తుకెళ్లి బీరువా మీద కూర్చోబెట్టాలి. ముచ్చటగా ఉంటుంది అనాలి. అప్పుడు తెలుస్తుంది."

రెండున్నరకు హాలు తలుపులు తీశారు. జనం వచ్చారు. ఎండ మండిపోతోంది. గుండుసూది బల్ల పక్కన ఒక స్టాండు ఫ్యాను పెట్టారు కాబట్టి అందరూ అక్కడే గుమిగూడారు. పాల కథ వినడానికి కొందరు, గాలికి కొందరు.

"తిమింగలం చన్నులు పైకి కనపడవండి" అని మొదలుపెట్టింది రేడియో. "ఈదటానికి అడ్డం కదా. పొట్ట కింద చీలికల్లో దాగి ఉంటాయి. పిల్ల వచ్చి మూతితో పొడుస్తుంది. అప్పుడు బయటికొస్తాయి."

గుండుసూది అందుకుంది. "తిమింగలం పిల్లకి మనలాంటి పెదాలు లేవు. చప్పరించలేదు. నాలుకను గొట్టంలా చుడుతుంది. తల్లే లోపల్నుంచి బిగించి పాలు చిమ్ముతుంది."

"నీళ్లలో కలిసిపోవా?" అని ఎవరిదో నాన్న అడిగాడు.

"కలవవండి. చాలా చిక్కగా ఉంటాయి. టూత్‌పేస్టులా. అంత కొవ్వు ఉంటుంది."

"మరి ఈ డాల్ఫినో?" అన్నాడాయన, గోడ మీది బొమ్మలు చూపించి.

"దాని పిల్ల ఒక్కసారి కొన్ని సెకన్లే తాగుతుంది. ఊపిరి కోసం పైకి పోవాలి కదా. పోయి మళ్లీ వస్తుంది. పొద్దస్తమానం అదే పని. తల్లి విసుక్కోదు. ఈదుతూనే ఇస్తుంది. ఈ సీల్ మటుకు మంచుగడ్డ మీద ఇస్తుంది. ఈ జాతి సీల్ నాలుగే రోజులు ఇస్తుందండి. ఆ నాలుగు రోజుల్లో పిల్ల బరువు రెండింతలవుతుంది."

కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ డ్యూగాంగ్‌ను చూసింది. "మరి ఇదేమ్మా? పాలంటూ బోర్డు పెట్టారు. ఇది వీపు మీద ఎక్కిందేం?"

"మా హెడ్‌మాస్టరు గారు ఎక్కించారండి" అంది గుండుసూది.

ఆవిడ నవ్వింది. గుండుసూది నవ్వలేదు.

"అసలైతే ఇక్కడ, చంకలో తాగుతుందండి. ఏడాది దాటినా తాగుతుంది. ఆకలేస్తే తల్లి దాన్ని ఎక్కడికో చాటుకు తీసుకుపోదు. ఎక్కడుంటే అక్కడే ఇస్తుంది. సముద్రంలో ఇది బాగుండదు అనేవాళ్లు ఎవరూ లేరు."

మూడు దాటాక అమ్మ వచ్చింది. మెడలో కొలత టేపు అలాగే ఉంది. తీయడం మరిచిపోయినట్టుంది. బుడ్డోడు భుజం మీద ఉన్నాడు.

వస్తూనే డ్యూగాంగ్ వంక చూసింది. "ఇదేమిటే? నా బటన్లు ఊడాయా?"

"ఊడలేదు. సారు ఊడబీకారు. చంకలో ఉంటే బాగుండదట."

"ఆయన సొమ్మేం పోయింది?"

అంతలో బుడ్డోడు కదిలాడు. పిడికిలి నోట్లో పెట్టుకుని చీకాడు. అందులో ఏమీ రాలేదు. మూతి వంకర పెట్టాడు. సన్నగా ఏడుపు మొదలుపెట్టాడు.

"లేచాడు. పొద్దున పదకొండింటికి తాగాడు, మళ్లీ ముట్టలేదు" అంది అమ్మ. ఫ్యాను ముందు ఖాళీ కుర్చీ చూసి కూర్చుంది. సంచిలోంచి తువ్వాలు తీసింది.

గుండుసూది చుట్టూ చూసింది. పక్క బల్ల దగ్గర ఏడో తరగతి అబ్బాయి ఇంకో అబ్బాయిని మోచేత్తో పొడిచాడు. గుమ్మం దగ్గర హెడ్‌మాస్టరు పూలగుత్తి పట్టుకుని చీఫ్ గెస్ట్ కోసం నిలబడ్డాడు. గుండుసూది చెవులు వేడెక్కాయి.

"అమ్మా, ఇక్కడ కాదు" అంది.

"మరి?"

"మెట్ల కింద స్టోర్‌రూమ్ ఉంది. అక్కడెవరూ ఉండరు. చీఫ్ గెస్ట్ వచ్చేస్తున్నారు. అందరూ చూస్తారు. బాగుండదు."

అమ్మ కూతురి ముఖంలోకి చూసింది.   తువ్వాలు సంచిలో కుక్కుకుంది. బుడ్డోణ్ని ఎత్తుకుని వెళ్లిపోయింది.

గుండుసూది మళ్లీ బల్ల వెనక్కి వచ్చింది. ఒకటో తరగతి పిల్లలు వరసగా వచ్చారు. ముందున్న పాపకు పై పళ్లు రెండు లేవు. ఆ పాప బల్ల అంచు పట్టుకుని, మునివేళ్ల మీద లేచి చూసింది.

గుండుసూది పుల్ల పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. "ఇది డ్యూగాంగ్. పిల్ల ఇక్కడ, రెక్క కింద పాలు తాగుతుంది. తల్లి దాన్ని చాటుకు తీసుకుపోదు. ఎక్కడుంటే..."

మెట్ల వైపు నుంచి ఏడుపు వినపడింది. గుండుసూది గొంతు పెంచింది. "ఎక్కడుంటే అక్కడే ఇస్తుంది."

"ఆ బాబెందుకు ఏడుస్తున్నాడు?" అని అడిగింది పళ్లు లేని పాప.

"ఆకలేసి."

"వాళ్లమ్మ లేదా?"

"ఉంది."

"మరి పాలివ్వదా?"

"ఇస్తుంది. స్టోర్‌రూమ్‌లో."

"స్టోర్‌రూమ్‌లో ఎందుకు?"

గుండుసూది పుల్లను మళ్లీ డ్యూగాంగ్ మీదికి తిప్పింది.  రేడియోకు మాటలకేం తక్కువ. అదే చెప్పింది.

"ఇక్కడైతే బాగుండదని."

"ఎవరన్నారు?"

రేడియో గుండుసూది వంక చూసి, తల దించుకుంది.

"నేనే అన్నాను" అంది గుండుసూది.

పుల్ల బల్ల మీద పడేసింది. పరుగెత్తింది.

స్టోర్‌రూమ్ తలుపు తీయగానే ఫినాయిల్ వాసన ముక్కు మీద గుద్దింది. కిటికీ లేదు. విరిగిన బెంచీలు, తడి గుడ్డలు, చీపుళ్లు ఉన్నాయి. అమ్మ బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. ముఖమంతా చెమట. కాళ్లు చాపుకునే చోటు కూడా లేదు. మధ్యాహ్నం నుంచి నాలుగు రోజుల కుట్టును చూపించి పొగిడించుకున్న పిల్ల, కుట్టిన మనిషిని ఇక్కడికి పంపింది.

బుడ్డోడి ముఖం ఎర్రగా కందిపోయింది. అమ్మ దగ్గరికి తీసుకుంది. వాడు నోరు పెట్టాడు. తుమ్మాడు. ముఖం తిప్పేసుకున్నాడు.

"ఈ వాసనకి వాడికి ఊపిరాడటం లేదు" అంది అమ్మ. "పెడతాడు, వదిలేస్తాడు. ఏడుపు కూడా తగ్గిపోతోంది చూడు. ఇంటికి పోదామంటే బస్సులో అరగంట."

ఏడుపు తగ్గడం మంచిది కాదని గుండుసూదికి తెలుసు. నర్సు చెప్పినప్పుడు పక్కనే ఉంది.

"అమ్మా, లే. ఫ్యాను దగ్గరికి రా."

"అందరూ చూస్తారన్నావు."

పళ్లతో దారం కొరికినట్టు అంది అమ్మ.

"చూడనీ."

"మీ సారో?"

"నేను చెప్తా."

"నువ్వేం చెప్తావే?"

"నేనే కదా నిన్ను ఇక్కడికి పంపాను. నేనే చెప్తా. లేమ్మా, వాడు పడుకుంటాడు."

సంచి తను పట్టుకుంది. అమ్మ చెయ్యి పట్టుకుని లేపింది. హాల్లోకి ముందు తను నడిచింది. జనాన్ని మోచేతులతో తోసింది. "జరగండి. జరగండి. బాబుకి దారి ఇవ్వండి."

బల్ల దగ్గర పళ్లు లేని పాప ఇంకా అక్కడే ఉంది. డ్యూగాంగ్ పిల్ల తల్లి చంకలోకి చేరిపోయింది.

"నేను పెట్టలేదు" అంది రేడియో కంగారుగా. "ఈ పిల్లే పెట్టింది. పిన్నీసు తీసి మరీ పెట్టింది."

"దానికీ ఆకలేస్తోంది కదా" అంది పాప.

ఫ్యాను ముందు కుర్చీలో ఎవరో తాతగారు కునుకు తీస్తున్నారు. గుండుసూది ఆయన్ని తట్టింది. "తాతగారూ, మా తమ్ముడు పాలు తాగాలి. కొంచెం లేవరా?" ఆయన లేచాడు. అమ్మ కూర్చుంది.

అగ్నిపర్వతం అబ్బాయి కిసుక్కుమన్నాడు. గుండుసూది వెనక్కి తిరిగింది. "నీ అగ్నిపర్వతం కారిపోతోంది. అది చూసుకో." నిజంగానే కారిపోతోంది. వాడు గుడ్డ కోసం పరుగెత్తాడు.

బుడ్డోడు కళ్లు మూసుకున్నాడు. అమ్మ వాడి బుగ్గ మీద వేలితో రాసింది. వాడు కదల్లేదు. మళ్లీ రాసింది. గుండుసూది ఊపిరి బిగపట్టి వాడి నోరే చూస్తోంది. ఫ్యాను గాలికి వాడి జుట్టు లేచింది. వాడు ఒక్కసారి పెద్దగా ఊపిరి తీసుకున్నాడు. ముక్కుతో వెతికాడు. అందుకున్నాడు. ఒక గుటక. ఆగాడు. ఇంకో గుటక. తర్వాత ఆగలేదు.

"తాగుతున్నాడు" అంది అమ్మ, తనలో తను.

అప్పుడే పైనుంచి నీడ పడింది. హెడ్‌మాస్టరు. పక్కన చీఫ్ గెస్ట్. వెనక సైన్స్ మేడం. హెడ్‌మాస్టరు డ్యూగాంగ్‌ను చూశాడు. కుర్చీలో అమ్మను చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఏమిటిది? నేనేం చెప్పాను?"

గుండుసూది కుర్చీకీ ఆయనకూ మధ్యకు వచ్చి నిలబడింది.

"సార్, మా తమ్ముడికి జ్వరం నిన్ననే తగ్గింది. ఆకలేసి ఏడ్చాడు. మీరు చెప్పినట్టే నేను కూడా బాగుండదన్నాను. మా అమ్మని స్టోర్‌రూమ్‌కి పంపాను. వాడక్కడ తాగలేకపోయాడు. ఇప్పుడు తాగుతున్నాడు."

హాల్లో చప్పుడు తగ్గింది. బుడ్డోడి గుటకలు వినపడుతున్నాయి.

"అయితే ఇప్పుడేమంటావు?" అన్నాడు హెడ్‌మాస్టరు.

"మీరు ఫ్యానుకు అడ్డం ఉన్నారు సార్. కొంచెం జరగండి."

హెడ్‌మాస్టరు వెనక్కి తిరిగి ఫ్యానును చూశాడు.  తర్వాత ఒక అడుగు పక్కకు వేశాడు. చీఫ్ గెస్ట్ కూడా వేశాడు.

గాలి బుడ్డోడి మీదకు వచ్చింది.